ఇంజన్ తిరుగుతోంది, బండి కదలడం లేదు: మారుతి 800లో గేర్‌బాక్స్ దించే ముందు చూడవలసినవి

మీరు రాసిన వివరాలను ముందుగా ఒకచోట పెట్టుకుంటాను, ఎందుకంటే జవాబు చాలావరకు వాటిలోనే ఉంది. మీది 1996 నాటి కార్బొరేటర్ మారుతి 800. నలుగురు మనుషులతో, సామానుతో శృంగవరపుకోట వైపు నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కుతూ, ఒక మలుపులో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మొదటి గేరులో లాగుతుండగా కింద నుంచి ‘ఠక్’మని పెద్ద శబ్దం వచ్చింది. అప్పటి నుంచి ఇంజన్ మామూలుగానే తిరుగుతోంది, గేర్లన్నీ పడుతున్నాయి, కానీ రివర్సుతో సహా ఏ గేరులోనూ బండి కదలడం లేదు. కాలిన వాసన రాలేదు, క్లచ్ పెడల్ ఎప్పటిలాగే ఉంది. కొన్ని నెలలుగా స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడల్లా ‘టకటక’ శబ్దం వస్తోందని చివర్లో ఒక్క వాక్యం చేర్చారు. చూసిన మెకానిక్ గేర్‌బాక్స్ పోయిందంటున్నాడు, దించమనాలా వద్దా అని అడిగారు.

ఇంకా దించనివ్వకండి. మీరు చెప్పిన లక్షణాలు గేర్‌బాక్స్ కంటే చక్రం దగ్గరి యాక్సిల్ (గేర్‌బాక్స్ నుంచి చక్రానికి బలం తీసుకువెళ్లే కడ్డీ) జాయింటు వైపే గట్టిగా చూపిస్తున్నాయి. అది నిజమో కాదో బోల్టు ఒక్కటీ విప్పకుండానే తేల్చుకునే మార్గం ఉంది. గేర్‌బాక్స్ దించడం ఒక పూట పని, దానికి కూలీ వేరు. పైగా దించాలంటే యాక్సిళ్లు ఎలాగూ బయటికి తీయాలి కాబట్టి, విరిగిన యాక్సిల్ అప్పుడు బయటపడినా, అప్పటికే విప్పేసిన గేర్‌బాక్స్‌కు కూడా మీరే డబ్బు కట్టవలసి వస్తుంది.

ఇంజన్ బలం చక్రానికి చేరే దారిని ఒకసారి వరుసగా గుర్తు చేసుకుందాం. ఫ్లైవీల్ నుంచి క్లచ్ ప్లేటుకు, అక్కడి నుంచి గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టుకు, పడిన గేరు ద్వారా రెండో షాఫ్టుకు, దాని చివరి పినియన్ అనే చిన్న గేరు నుంచి డిఫరెన్షియల్ (మలుపుల్లో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) గూడుకు బిగించిన క్రౌన్ వీల్ అనే పెద్ద గేరుకు, డిఫరెన్షియల్ నుంచి రెండు యాక్సిళ్లకు, వాటి చివరి జాయింట్ల ద్వారా ముందు చక్రాల హబ్బులకు (చక్రాలు బిగించే మధ్యభాగాలకు) బలం చేరుతుంది. ఈ వరుసలో ఏ ఒక్క చోట తెగినా పైకి కనిపించే లక్షణం ఒకటే: ఇంజన్ అరుస్తుంది, బండి నిలబడి ఉంటుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు కూడా తొందరపడి అతి పెద్ద పెట్టెనే అనుమానిస్తారు. కానీ ఈ దారిని సరిగ్గా తగినచోట రెండుగా కోసి చూపించే సాధనం ఒకటి మీ కళ్ల ముందే డాష్‌బోర్డులో ఉంది. మారుతి 800లో స్పీడోమీటరు కేబులు తిరిగేది డిఫరెన్షియల్ గూడు మీది పళ్ల నుంచి. అంటే స్పీడోమీటరు ముల్లు చెప్పేది డిఫరెన్షియల్ గూడు ఎంత వేగంగా తిరుగుతోందన్నదే తప్ప చక్రాలు ఎంత వేగంగా తిరుగుతున్నాయన్నది కాదు. బండి బాగున్నప్పుడు ఈ రెంటికీ తేడా లేదు కాబట్టి మనం దాన్ని పట్టించుకోము.

పరీక్ష ఇలా చేయండి. బండిని చదునైన చోట ఉంచి, హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా లాగి, వెనక చక్రాలకు ముందూ వెనకా మంచి రాళ్లు పెట్టండి. బండి ముందు గానీ వెనక గానీ మనుషులెవరూ నిలబడకూడదు. ఇంజన్ స్టార్ట్ చేసి, ఐడిల్‌లోనే ఉంచి, మొదటి గేరు వేసి, క్లచ్‌ను నెమ్మదిగా వదలండి. యాక్సిలరేటర్ తొక్కవద్దు. ఇప్పుడు ముల్లును చూడండి. బండి నిలబడి ఉన్నా ముల్లు సున్నా నుంచి లేచి ఎక్కడో కొంచెం పైన ఆడుతూ నిలిస్తే, క్లచ్ బాగుంది, గేర్లు బాగున్నాయి, క్రౌన్ వీల్ దాకా బలం చేరుతోంది. లోపం డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లలో గానీ, యాక్సిళ్లలో గానీ, హబ్బులో గానీ ఉంది. వాటిలోనూ యాక్సిళ్ల వంతే ఎక్కువ. ముల్లు సున్నా దగ్గర కదలకుండా ఉంటే లోపం క్లచ్, గేరు రాడ్లు, గేర్‌బాక్స్, ఈ మూడింటిలో ఒకదానిది. పాత బండ్లలో స్పీడోమీటరు కేబులే తెగి ఉండటం మామూలు కనుక, ఈ సంఘటనకు ముందు ముల్లు పనిచేసేదో లేదో గుర్తు చేసుకున్నాకే దాని మాట నమ్మండి.

ముల్లు లేచిందంటే వెంటనే క్లచ్ తొక్కి, న్యూట్రల్ చేసి, ఇంజన్ ఆపేయండి. చక్రాలు రెండూ నేల మీద కదలకుండా ఉండి, డిఫరెన్షియల్ గూడు తిరుగుతున్నదంటే, తెగిన వైపు యాక్సిల్ గూడు కంటే రెట్టింపు వేగంతో తిరుగుతోందన్నమాట. ముల్లు 10 చూపిస్తే, తెగిన యాక్సిల్ 20 కిలోమీటర్ల వేగంలో తిరగవలసినంతగా తిరుగుతోంది. ఆధారం లేని దాని బయటి కొన బ్రేక్ హోసును, బూటును (జాయింటును కప్పే రబ్బరు తొడుగును) కొట్టుకుంటూ ఉంటుంది. డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు మలుపుల్లో కాసేపు తిరగడానికి చేసినవే గాని ఇలా ఎడతెగకుండా తిరగడానికి చేసినవి కావు. ‘ఏమైనా కదులుతుందేమో’ అని పదే పదే యాక్సిలరేటర్ తొక్కితే ఆ గేర్లు కూర్చున్న పిన్ను వేడెక్కి అరిగిపోతుంది. అప్పుడు గేర్‌బాక్స్ పోయిందన్న మాట నిజంగానే నిజమవుతుంది.

ఒక్క యాక్సిల్ తెగితే రెండో చక్రమైనా ఎందుకు లాగదని మీరు అడిగారు. ఈ కారులో ఉన్నది మామూలు డిఫరెన్షియల్, అది రెండు వైపులకూ ఎప్పుడూ సమానమైన బలాన్నే పంచుతుంది. కాడికి కట్టిన రెండు ఎడ్లలో ఒకటి మెడ తప్పిస్తే, కాడి ఆ వైపుకు ఒరిగిపోతుందే తప్ప రెండో ఎద్దు ఎంత గుంజినా బండి ముందుకు రాదు. తెగిన వైపు నిరోధం సున్నా కాబట్టి, బాగున్న వైపుకు అందే బలమూ దాదాపు సున్నాయే.

దీని నుంచి పుట్టే ప్రమాదాన్ని ఇక్కడే చెప్పాలి. బండిని గేరులో వేసి ఆపితే ఇంజన్ పట్టి ఉంచుతుందని మనకు అలవాటైన నమ్మకం. యాక్సిల్ తెగినప్పుడు ఆ పట్టు అసలు ఉండదు, క్లచ్ ప్లేటు మధ్యభాగం చిరిగినా ఉండదు. మీ బండి ఆ మలుపులో వెనక్కి జారిందని రాశారు, కారణం ఇదే. ఘాట్‌లో ఇలా జరిగితే ముందు ఫుట్‌బ్రేక్, తరువాత హ్యాండ్‌బ్రేక్, ఆ తరువాత దిగిన మనిషి వెనక చక్రాల కింద పెట్టే రాళ్లు, ఇవి తప్ప మరొక ఆధారం లేదు. పాత 800లలో హ్యాండ్‌బ్రేక్ కేబుళ్లు సాగిపోయి ఉండటం ఎంత మామూలో తెలిసినవాణ్ణి కనుక, రాళ్ల సంగతి మరీ మరీ చెబుతున్నాను.

ముల్లు లేచిందనే అనుకుని ముందుకు వెళదాం. ఇంజన్ ఆపి, చక్రాలు నేల మీద ఉండగానే, టార్చి పట్టుకుని ఒక్కొక్క ముందు చక్రం వెనక భాగాన్ని చూడండి. బూటు చిరిగి, చక్రం లోపలి వైపంతా నల్లటి గ్రీజు చిమ్మి ఉంటే ఆ వైపే అనుమానించాలి. మీరు చెప్పిన ‘టకటక’ కూడా బయటి జాయింటు ఇచ్చే హెచ్చరికే. ఆ జాయింటులో గాడుల మధ్య ఆరు గోళీలు, వాటిని పట్టి ఉంచే ఒక ఉక్కు పంజరం ఉంటాయి. బూటు చిరిగాక గ్రీజు బయటికి పోయి, దుమ్ము, వాననీళ్లు లోపలికి వెళ్లి, గాడుల్లో గుంటలు పడతాయి. స్టీరింగ్ తిప్పినప్పుడు గోళీలు గాడుల చివరలకు వెళ్లి ఆ గుంటల మీదుగా ఎక్కి దిగుతుంటే వచ్చేదే ఆ శబ్దం. తిన్నగా వెళుతున్నప్పుడు వినిపించదు కాబట్టి చాలామంది నెలల తరబడి వదిలేస్తారు. చివరికి నిండు బరువు, మొదటి గేరు, పూర్తిగా తిరిగిన స్టీరింగ్, ఎక్కుడు, ఈ నాలుగూ ఒకేసారి కలిసిన చోట పంజరం పగిలి, గోళీలు పట్టు వదిలేస్తాయి. మీ బండి ఆగిన చోట ఈ నాలుగూ ఉన్నాయి.

చూపుతో తేలకపోతే సుద్దముక్క చాలు. ఒక వైపు యాక్సిల్ కడ్డీ మీద, దాన్ని ఆనుకుని ఉన్న బయటి జాయింటు గిన్నె మీద, లోపలి జాయింటు గిన్నె మీద, ఒకే తిన్నటి గీతలో మూడు గుర్తులు పెట్టండి. రెండో వైపూ అలాగే పెట్టండి. మళ్లీ పైన చెప్పిన జాగ్రత్తలతోనే ఒక్క క్షణం క్లచ్ వదిలి, తొక్కి, ఇంజన్ ఆపి, కిందికి చూడండి. బాగున్న వైపు మూడు గుర్తులూ పెట్టిన చోటే, ఒకే గీతలో ఉంటాయి. తెగిన వైపు కడ్డీ, లోపలి గిన్నె కలిసి తిరిగి, బయటి గిన్నె మీది గుర్తు మాత్రం అక్కడే ఉంటే బయటి జాయింటు పోయింది. లోపలి గిన్నె మాత్రమే తిరిగి, కడ్డీ నిలిచి ఉంటే లోపలి జాయింటు. మూడూ కలిసి తిరిగి చక్రం మాత్రం కదలకపోతే హబ్బు లోపలి స్ప్లైన్ల (కడ్డీని, హబ్బును కలిపి తిప్పే నిలువు గాడుల) పళ్లు అరిగిపోయాయి. యాక్సిల్ నట్టు చాలాకాలం వదులుగా ఉన్న బండ్లలో అది జరుగుతుంది. డిఫరెన్షియల్ గూడు తిరిగినా ఏ వైపు గుర్తూ కదలకపోతేనే డిఫరెన్షియల్ లోపలిని గానీ, యాక్సిల్ లోపలి కొన జారడాన్ని గానీ అనుమానించాలి.

ఆ లోపలి కొన సంగతి కూడా చూడదగినదే. యాక్సిల్ లోపలి చివర డిఫరెన్షియల్ పక్క గేరులోకి దూరి, ఒక చిన్న ఉక్కు రింగుతో పట్టి ఉంటుంది. ఈ మధ్య ఎవరైనా యాక్సిల్ తీసి పెట్టి ఉంటే, ఆ రింగు గాడిలో పూర్తిగా కూర్చోకపోయి ఉండవచ్చు. ఇంజన్ మౌంటింగు రబ్బరు తెగి ఇంజన్ పక్కకు ఒరిగినా, కింది ఆర్మ్ బాల్ జాయింటు ఊడి చక్రం బయటికి వాలినా, ఆ కొన బయటికి లాగబడుతుంది. అప్పుడు గేర్ ఆయిలు కూడా నేల మీదికి కారుతుంది కాబట్టి గుర్తించడం సులభం. నేల మీద ఆయిలు మడుగు లేదని మీరు రాశారు, అందుకే ఇది మీ బండి విషయంలో వెనక వరుసలోనే ఉంటుంది.

ఇప్పుడు ముల్లు లేవకపోతే ఏమిటన్నది చూద్దాం. ముందు గేరు లివర్ నుంచి గేర్‌బాక్స్ దాకా వెళ్లే రాడ్డును చూడండి. లోపల ఒకరు లివర్ కదిపితే, కింద గేర్‌బాక్స్ దగ్గరి షాఫ్టు కూడా ఆ మేరకు కదలాలి. బుష్ అరిగి లేదా బోల్టు ఊడి రాడ్డు జారిపోతే, లివర్ పట్టు లేకుండా వదులుగా తిరుగుతుంది, గేరు పడినట్టే అనిపించి పడదు. గేర్లు ‘మామూలుగానే’ పడుతున్నాయన్న మాటను చేతితో గాక కంటితో ధ్రువపరచుకోవాలని అందుకే అంటున్నాను.

రాడ్డు బాగుంటే మిగిలిన రెండింటిలో క్లచ్‌ను వేరు చేయడానికి రివర్స్ గేరు పనికి వస్తుంది. ఇంజన్ ఐడిల్‌లో, గేరు న్యూట్రల్‌లో, కాలు క్లచ్ మీద నుంచి తీసి కొన్ని క్షణాలు ఆగి, లివర్‌ను రివర్సు వైపు అతి తేలికగా ఒక్కసారి తాకించండి. ‘కర్ర్’మంటే ఇన్‌పుట్ షాఫ్టు బలంగా తిరుగుతోంది, అంటే క్లచ్ తన పని తాను చేస్తోంది, ఇక చూడవలసింది గేర్‌బాక్స్‌నే. చడీచప్పుడు లేకుండా గేరు లోపలికి వెళ్లిపోతే, లేదా లేశమాత్రం గీరుకుని వెళ్లిపోతే, క్లచ్ ప్లేటు నుంచి షాఫ్టుకు బలం అందడం లేదు. ఇందులో బలవంతం పనికిరాదు, నొక్కి పట్టుకుంటే రివర్సు గేరు పళ్లు అరిగిపోతాయి.

క్లచ్ అరిగి జారడానికీ, క్లచ్ ఒక్కసారిగా తెగడానికీ తేడా చాలా ఉంది. అరిగిన ప్లేటు ముందే చెబుతుంది: ఎక్కుడులో ఇంజన్ వేగం పెరిగినంతగా బండి వేగం పెరగదు, కాలిన వాసన వస్తుంది, పెడల్ పట్టు పైకి జరుగుతుంది. హఠాత్తుగా ఆగిపోయిందంటే ప్లేటు మధ్యలోని హబ్బు రివెట్లు తెగాయని గానీ, దాని స్ప్లైన్లు అరిగిపోయాయని గానీ, లైనింగు ఊడి వచ్చిందని గానీ అర్థం, వీటిలో వాసన రాకపోవచ్చు. ఒక పొరపాటు అభిప్రాయాన్ని కూడా సరిదిద్దాలి. క్లచ్ కేబులు తెగితే బండి ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. కేబులు తెగితే పెడల్ ఊడినట్టు కిందికి పడిపోతుంది, గేర్లు మార్చలేము, కానీ క్లచ్ పట్టుకునే ఉంటుంది కాబట్టి బలం చక్రానికి అందుతూనే ఉంటుంది. దానికి భిన్నంగా, కేబులు లోపలి తీగలు చిట్లి తొడుగులో ఇరుక్కుపోయి వెనక్కి రాకపోతే క్లచ్ సగం తొక్కినట్టే ఉండిపోయి బండి లాగదు. గేర్‌బాక్స్ మీది క్లచ్ లివర్‌ను చేత్తో కదిపి చూస్తే కొద్దిపాటి ఖాళీ ఆట తగలాలి. బిగుసుకుని ఉంటే కేబులు నట్టును వదులు చేసి మళ్లీ ప్రయత్నించండి. ఈ ఒక్క నట్టుతో బాగుపడిన బండికి కొత్త క్లచ్ సెట్టు వేయడం అన్యాయమైన ఖర్చు.

గేర్‌బాక్స్ మీదే అనుమానం నిలిచినప్పుడు కూడా, దించే ముందు ఆయిలును ఒక శుభ్రమైన పళ్లెంలోకి తీయించి ఎండలో చూడండి. వెండిపూతలా సన్నటి పొడి వయసుకు సహజం. పళ్ల ముక్కలు, బోల్టు తలలు, రేకుల్లాంటి తునకలు దొరికితే ఇక దించక తప్పదు.

ప్రీమియర్ పద్మిని కారు ఉన్నవాళ్ల కోసం ఒక్క మాట. బొంబాయి కుర్లాలో తయారైన ఆ కారులో ఇంజన్ ముందు, లాగే చక్రాలు వెనక కాబట్టి, అక్కడ ముల్లు కంటే, గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసు దాకా వెళ్లే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టే సూటి సాక్షి. వెనక చక్రాలు లాగేవి గనుక ఆ బండ్లలో రాళ్లు ముందు చక్రాలకు కూడా పెట్టి, దూరంగా పక్క నుంచి వంగి చూడాలి. షాఫ్టు తిరుగుతూ బండి కదలకపోతే లోపం వెనక ఇరుసులో, తిరగకపోతే గేర్‌బాక్స్‌లో గానీ క్లచ్‌లో గానీ ఉంటుంది. పద్ధతి అదే, కోసే చోటు వేరు.

మీ బండి సంగతికి తిరిగి వస్తే, పరీక్షలో బయటి జాయింటే తేలితే దాన్ని ఘాట్ నుంచి దించడానికి ముందు చక్రాలు పైకెత్తే టోయింగ్ వాహనాన్ని గానీ, పైకెక్కించుకుని తీసుకువెళ్లే వాహనాన్ని గానీ పిలవండి. తాడు కట్టి లాగితే తెగిన కొన దారి పొడవునా కొట్టుకుంటుంది. యాక్సిల్ పూర్తిగా తీసేసి ఉత్త చక్రం మీద దొర్లించుకుపోదామని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. ఈ కారులో ముందు చక్రం బేరింగులను బిగించి పట్టేది యాక్సిల్ కొన, దాని నట్టే. అవి లేకుండా బరువు మోసి దొర్లితే బేరింగులు పాడవుతాయి.

కొత్తది కొనేటప్పుడు పాత యాక్సిల్‌ను చేత పట్టుకునే దుకాణానికి వెళ్లండి. 1983 డిసెంబరు నుంచి 2014 దాకా తయారైన ఈ కారులో నాలుగు గేర్ల బండ్లు, ఐదు గేర్ల బండ్లు, కార్బొరేటర్ బండ్లు, ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు ఇంధనాన్ని ఇంజన్‌లోకి చిమ్మే పద్ధతి) బండ్లు ఉన్నాయి. ‘800ది ఇవ్వండి’ అంటే సరిపోదు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత భాగాలు కూడా దొరుకుతాయి, వాటిలో మంచివీ ఉంటాయి. కానీ కొత్తదైనా పాతదైనా పాత దాని పక్కన పెట్టి స్ప్లైన్ల పళ్లు రెండు చివరలా లెక్కపెట్టి, పొడవు కొలిచి తీసుకోవాలి. కడ్డీ వంగకుండా, లోపలి జాయింటు బిగువుగా ఉంటే బయటి జాయింటు, బూటు, గ్రీజు మాత్రం మార్చితే సరిపోతుంది. బూటుతో వచ్చిన గ్రీజు మొత్తాన్ని ఆ జాయింటులోనే నింపాలి, చక్రాల బేరింగు గ్రీజు దానికి బదులు కాదు.

బిగించేటప్పుడు లోపలి కొన రింగు ‘టిక్’మని కూర్చున్నాక చేత్తో వెనక్కి లాగి చూడమనండి, రాకూడదు. అక్కడి ఆయిలు సీలు కొత్తది వేయించండి, దాని ధర స్వల్పం. యాక్సిల్ నట్టును చక్రం నేల మీద ఉండగా టార్క్ రెంచితో బిగించి, కొత్త స్ప్లిట్ పిన్ను వేయాలి. గేర్ ఆయిలు లెవెల్ ప్లగ్ అంచు దాకా ఉందో లేదో బండిని చదునుగా నిలిపి చూడాలి. రెండో వైపు బూటును కూడా అదే రోజు స్టీరింగ్ చివరిదాకా తిప్పి, మడతలు వేలితో విప్పి చూడండి. దాని వయసు కూడా ఇదే అయితే, పగుళ్లు పైకి కాక మడతల అడుగున ఉంటాయి.